అన్న లేడాక్కా?

నాలుగు నెలలపాటు ఆ శబ్దాన్ని నేనొక్కదాన్నే విన్నాను. కమలాపురం నుంచి కడపకు కాలేజీకి పోయేటప్పుడు కారు నలభై దాటగానే వెనక కుడివైపు సన్నగా మొదలయ్యేది. దూరంగా ఎవరో తిరగలి తిప్పుతున్నట్టుండేది. వేగంతోపాటు పెరిగేది. ఎడమకు మలుపు తిరిగితే గట్టిగా, కుడికి తిరిగితే మెల్లగా. మా తమ్ముడొకసారి పక్కన కూచొని "నాకేం వినపళ్లేదే" అన్నాడు. కడపలో ఒక షెడ్డుకు తీసుకుపోతే బండి కదిలించి చూడకుండానే, "టైర్ల సౌండు మేడం, అద్దాలెత్తుకొని పాటలు పెట్టుకోండి" అన్నారు. ఒంట్లో నొప్పి చెప్పుకున్నప్పుడు కూడా ఇట్లాంటి జవాబులే విని అలవాటైన ప్రాణం. నేనూ పాటలు పెట్టుకున్నాను.

మాది 2004 నాటి మారుతి 800. ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారు. నేను నలభై ఏడో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. 2021 నవంబరు వరదల్లో పాపాఘ్ని మీద వంతెన కుంగిపోయాక ఆ బండిని చుట్టుదార్లలో, గుంతల్లో, నీళ్లలో తిప్పాను. బేరింగులోకి నీళ్లు చేరితే గ్రీజు పాడవుతుంది, తుప్పు మొదలవుతుంది. ఉక్కు గుండ్లు తాము తిరిగే దారినే గుంతలు చేస్తాయి. వెనక చక్రం డ్రమ్ములో ఇవి రెండుంటాయి. బాగా అరిగితే ఊగులాడే చక్రం ఒకరోజు రోడ్డు మీదే మొరాయించొచ్చు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. చెప్పిందెవరంటే, మా వీధి చివర మెకానిక్ షెడ్డు ఉన్నాయన భార్య.

ఇరవై ఏళ్లుగా ఆమెను చూస్తూనే ఉన్నాను. షెడ్డు వెనక కిరసనాయిలు డబ్బా ముందు కూచొని సామాన్లు కడుగుతూ ఉంటుంది. వచ్చినవాళ్లు ఆమెను చూసి అడిగేది ఒకటే మాట: "అన్న లేడాక్కా?" 2022 ఎండాకాలంలో ఒకరోజు నేనూ అదే అడగబోయాను. నేను కారు దిగకముందే ఆమె తలెత్తి, "వెనక కుడిపక్క బేరింగు పోయిండాదక్కా. ఎన్ని దినాల నుంచి తిప్పుతాండావు ఇట్ల?" అంది.

నా చెవిని నమ్మిన మొదటి మనిషి.

"మరి నువ్వు మార్చగలవా?" అన్నాను. ఆమె రోడ్డు వైపు చూసింది. "ఆయన బద్దేలుకు పోయినాడు. ఈడ రోడ్డు మీద నేను పానా పడితే జనాలు ఊరుకుంటారా? మీ ఇంటికాడయితే చేచ్చా."

బేరింగులు, సీలు, కొత్త కాటర్ పిన్ను నేనే కడపలో కొనుక్కొచ్చాను. ముందురోజు రాత్రి బేరింగులను గాలి తగలకుండా కవర్లో చుట్టి, ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో పెట్టమంది. పొద్దున గోడ చాటున మా వాకిట్లో పని మొదలైంది. ముందు చక్రాలకు నాపరాళ్లు అడ్డం పెట్టింది. కారు నేల మీదుండగానే చక్రం నట్లు వదులు చేసింది. హ్యాండ్‌బ్రేకు తీయించింది, అది వేసుంటే డ్రమ్ము రాదట. జాకీతో లేపాక ఇరుసు కింద మొద్దు ఒకటి దూర్చి, "జాకీని మొగున్ని నమ్మినట్ల నమ్మగూడదక్కా" అని నవ్వింది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే లొడలొడలాడింది. నా చేతిని స్ప్రింగు మీద పెట్టించి చక్రం తిప్పింది. నాలుగు నెలలు నేను విన్నది అరచేతికి తగిలింది.

డ్రమ్ము ఊడదీశాక లోపలి దుమ్మును ఊదనియ్యలేదు, తడిగుడ్డతో తుడిచింది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేదని నాకు తెలుసు. ఆమెకు ఆ పేరు తెలీదు, ఊదితే దగ్గొస్తుందని తెలుసు. పాత బేరింగును చుట్టూతా కొంచెం కొంచెంగా కొట్టి బయటికి తెచ్చింది. గ్రీజు నల్లగా, అందులో వెండి రజనులాగా మెరుపులు. మా అవ్వ ఎద్దులబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన పూసేది. ఆ నలుపే ఇది.

డ్రమ్మును ఎండలో కాలుతున్న బండ మీద పెట్టి, ఐసులోంచి బేరింగు తెమ్మంది. వేడికి డ్రమ్ము పిసరంత విచ్చుకుంటుంది, చలికి బేరింగు ముడుచుకుంటుంది. "ఎవరు నేర్పినారు?" అంటే, "ఎవరు నేర్పుతారు? నేనే కనిపెట్టినా" అంది. పాత బేరింగు బయటి చుట్టును కొత్తదాని మీద బోర్లించి సుత్తితో దించింది. దెబ్బ బయటి చుట్టు మీదే పడాలి. లోపలి చుట్టు మీద పడితే గుండ్ల గుండా పోయి కొత్త బేరింగుకే సొట్టలు పడతాయి.

ఆమె లైనింగు తుడుస్తుంటే నాకు బెర్తా బెంజ్ గుర్తొచ్చింది. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు కార్ల్ బెంజ్ వర్క్‌షాపులో పెట్టిందామె. 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా కారు నడిపింది. దారిలో అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. 1886 నాటి పేటెంటు మాత్రం భర్త కంపెనీ పేరు మీదుంది. ఇది నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. మా వీధి చివర కిరసనాయిలు డబ్బా ముందు కూచున్నామె సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇల్లు ఆడవాళ్లకు చెర అని నేనూ రాశాను. ఆమె పానా పట్టుకోగలిగిన చోటు మాత్రం ఇల్లే. గోడలున్నాయి కాబట్టి, ఆ గోడల లోపలే.

పని అయ్యాక నేను చేసింది చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. పళ్లెంలో పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ, ఒక చీర పెట్టి ఇచ్చాను. ఆమె సబ్బుపొడితో చేతులు కడుక్కొని, కళ్లకద్దుకొని తీసుకుంది. గేటు దాకా పోయాక నాకు తట్టింది. ఆమె భర్తే వచ్చుంటే, ఆయన చేతులు తుడుచుకోకముందే "ఎంతయింది?" అని అడిగుండేదాన్ని. వెనక్కి పిలిచాను.

"నాకు లెక్క యాలక్కా" అంది.

"మీ ఆయనకెంత ఇస్తానో అంత చెప్పు."

చాలాసేపు మాట్లాడలేదు. వేళ్లు మడిచింది, విప్పింది. "ఆర్నూర్లు. ఆయనకు చెప్పొద్దు" అంది. తీసుకొని జాకెట్లో పెట్టుకుంది. గేటు తీస్తూ ఎడంపక్క వెనక చక్రాన్ని కాలితో తట్టింది.

"ఇది గూడా ఎక్కువ దినాలు రాదు. అప్పుడు గూడా ఇదే రేటు."