అమ్మీ గది దాకా రాని సిగ్నల్

గల్ఫ్‌లో ఒక మనిషి ఉన్న ఇల్లయితే, ఆ ఇంట్లో ఇంటర్నెట్ పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మా భాయిజాన్ దమ్మామ్‌లో ఉంటాడు. డ్యూటీ దిగి, వండుకుని తిని కూర్చునేసరికి అక్కడ రాత్రి ఎనిమిది, ఇక్కడ పదిన్నర. అప్పటిదాకా అమ్మీ నిద్రను ఆపుకుని ఇంతెజార్ చేస్తూ ఉంటుంది. ఫోన్‌లో కొడుకు మొహం చిన్నగా కనబడుతోందని ఆమె ఒకసారి అన్నదట. అంతే, ఆఫీసులో వాడి పక్కన పెట్టేసిన ఒక లాప్‌టాప్‌ను తెలిసినవాళ్ళతో కర్నూలుకు పంపించాడు.

లాప్‌టాప్ వచ్చింది, ఖుషీ రాలేదు. వైఫై పేరు కనబడుతుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, గీతలన్నీ నిండుగా ఉంటాయి. కింద మాత్రం 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని ఉంటుంది. అమ్మీ రోజూ గుమ్మంలో నిలబడి, "క్యా హువా బేటా, నై లగ్రా క్యా?" అని అడుగుతుంది. బజారులో రిపేరు షాపతను మూత కూడా తెరవకుండానే "వైఫై కార్డు పోయింది, పద్దెనిమిది వందలు" అన్నాడు. నాకు యఖీన్ కుదరలేదు. కార్డే పోతే వైఫై పేర్లు ఎలా కనబడతాయి?

ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది కంప్యూటర్‌ను కాదు, అదే వైఫై మీద ఉన్న ఇంకో ఫోన్‌ను. ఫోన్‌లో కూడా రాకపోతే తప్పు లైనుది. ఫైబర్ డబ్బా మీద 'ఎల్ఓఎస్' అన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ తీగలో సిగ్నల్ రావడం లేదన్నట్టే, కంప్యూటర్‌తో ఎంత గుంజుకున్నా ఫాయిదా లేదు. ఫోన్‌లో వస్తూ కంప్యూటర్‌లో రాకపోతే, సంగతి కంప్యూటర్ లోపల ఉంది. మాది రెండోది.

రౌటర్ పని దావత్ ఇంట్లో పెద్దమనిషి పనిలాంటిది. వచ్చిన ప్రతి మేహమాన్‌కూ దస్తర్‌ఖాన్ దగ్గర ఒక చోటు చూపిస్తుంది. ఆ చోటు నంబరే ఐపీ అడ్రసు. చోటు చూపించే ఈ ఇంతెజామ్‌నే డీహెచ్‌సీపీ అంటారు. మా లాప్‌టాప్ మాత్రం దమ్మామ్ ఆఫీసు వాళ్ళు చేత్తో రాసిపెట్టిన నంబరు పట్టుకుని వచ్చింది. వేరే ఇంటి దావత్ చీటీతో మన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటే గిన్నె ఎవరు అందిస్తారు? సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ తెరిస్తే 'ఐపీ అసైన్‌మెంట్' అని ఉంది. దాని ఎదురుగా మాన్యువల్. దాన్ని ఆటోమేటిక్ చేశాను. పక్కనే ఉన్న డీఎన్ఎస్‌ను కూడా ఆటోమేటిక్ చేశాను. పేరు చెప్తే ఇల్లు చూపించే వీధి మలుపు పాన్‌డబ్బా ఆయనలాంటిది డీఎన్ఎస్. ఆయన దమ్మామ్‌లో కూర్చుంటే మనకు దారి ఎవరు చెప్తారు? రెండు నిమిషాల్లో నెట్ వచ్చేసింది. పద్దెనిమిది వందలు మిగిలాయి.

ఒకవేళ మీ కంప్యూటర్‌లో ఆటోమేటిక్ అనే ఉండి, అడ్రసు మాత్రం 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి దానికి చోటు దొరకలేదని అర్థం. రౌటర్‌ను ఒకసారి ఆపి వేయండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఆ వైఫై పేరును 'ఫర్గెట్' కొట్టి మళ్ళీ కలపండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

హాల్లో నెట్ వచ్చింది గానీ అమ్మీ గదికి రాలేదు. మాది పాత ఇల్లు, మూరెడు మందం రాతి గోడలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు వేగం ఎక్కువ, గోడ దాటే తాఖత్ తక్కువ. 2.4 నెమ్మది మనిషి, కానీ రెండు గోడలు దాటి వస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో రెంటికీ వేరు వేరు పేర్లు పెట్టి, లాప్‌టాప్‌ను 2.4కి కలిపాను. వీధి తలుపు వెనక టీవీ చాటున పెట్టిపోయిన రౌటర్‌ను తెచ్చి నడిమింటి అల్మారీ పైన పెట్టాను. వీడియో కాల్‌కు అంత వేగమేమీ అక్కర్లేదు, తెగకుండా ఉంటే చాలు.

కరెంటు పోయిన రోజు ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపిస్తాం. ఆ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేసి పెట్టుకోండి. లేకపోతే విండోస్ తన అప్‌డేట్లను దించుకుంటూ రోజు డేటాను సఫా చేసేస్తుంది.

అసలు తకరార్ వచ్చింది పాస్‌వర్డ్ దగ్గర.

పక్కింటి ఖాలా కూతురు డిగ్రీ చదువుతోంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తారీఖు దగ్గరపడింది, వాళ్ళ ఫోన్‌లో డేటా అయిపోయింది. మొహమాటపడుతూ వచ్చి అడిగింది. "ఇచ్చేయ్, పడోసీ కా హక్ హై" అన్నది అమ్మీ. ఇవ్వనని నేననలేదు. కానీ మా పాస్‌వర్డ్ వాళ్ళ అన్నకు తెలిస్తే వాడి దోస్తులకు తెలుస్తుంది, వాళ్ళ నుంచి వీధి చివరి దాకా పోతుంది. కనెక్షన్ ఉన్నది అబ్బా పేరు మీద. ఆ లైను మీద ఎవరు ఏ పాడుపని చేసినా పోలీసులు మొదట సవాల్ చేసేది డెబ్భై ఏళ్ళ మా అబ్బానే. ఈ మాట చెప్తే అమ్మీకి కోపం వచ్చింది. "నీళ్ళడిగితే కుండకు తాళమేస్తామా?" అన్నది. కుండ నీళ్ళ మీద మన పేరు రాసి ఉండదు అమ్మీ, దీని మీద ఉంటుంది అన్నాను. ఆ పూట నాతో మాట్లాడలేదు.

చాలా రౌటర్లలో 'గెస్ట్ నెట్‌వర్క్' అని ఒకటుంటుంది. మా రౌటర్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 కొడితే ఆ పేజీ వచ్చింది. గెస్ట్‌కు పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. అందులోకి వచ్చినవాళ్ళకు నెట్ దొరుకుతుంది, మన ఇంటి కంప్యూటర్లు కనబడవు. కావాలనుకున్నప్పుడు దాన్నొక్కదాన్నే ఆపేయొచ్చు. పేరు అబ్బాదే కాబట్టి జిమ్మేదారీ పూర్తిగా తీరిపోదు, కానీ లగాం మన చేతిలో ఉంటుంది. దాన్ని డబ్ల్యూపీఏ2లో పెట్టాను. రౌటర్ పేజీకి ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే సంగతి, అది డబ్బాతో వచ్చినట్టే వదిలేస్తే లోపలికి వచ్చినవాళ్ళెవరైనా సెట్టింగ్స్ తిప్పేయగలరు. దాన్ని కూడా మార్చాను.

ఆ పిల్ల అదే రాత్రి మా వరండాలో కూర్చుని దరఖాస్తు పంపింది. గెస్ట్ పాస్‌వర్డ్ నెల నెలా మార్చే పని ఇప్పుడు ఆమెదే. కొత్తది పెట్టగానే వచ్చి అమ్మీకి చెప్తుంది. అమ్మీ దాన్ని క్యాలెండర్ వెనక ఉర్దూలో రాసుకుంటుంది, వీధి పిల్లలెవరికీ ఉర్దూ చదవడం రాదన్న ధీమాతో.