మొప్పలు చెప్పని సంగతి

బాగేపల్లి, చింతామణి మనుషులకు చేపంటే చెరువు చేపే. సముద్రం చేప ఐసు పెట్టెల్లో వచ్చేది. మా చిన్నమ్మ ఏ చేపనైనా మొప్పలెత్తి, వాసన చూసి, వేలితో నొక్కి కొంటుంది. ఆ పరీక్ష మీద నాకెంతో గురి.

ఆ పరీక్షకు అందని విషం ఒకటుంది. పేరు సిగ్వటెరా. వెచ్చని సముద్రాల్లో పగడపు దిబ్బల మీది నాచును అంటిపెట్టుకొని, కంటికి కనపడని జీవి ఒకటి బతుకుతుంది. విషం దానిదే. నాచును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటాయి. విషం పెద్దదాంట్లో పోగవుతుంది. తలలో, కార్జంలో మరీ ఎక్కువ. చేప తాజాగానే ఉంటుంది. ఉడికించినా, ఐసులో పెట్టినా విషం పోదు.

తిన్నవాళ్లకు వాంతులు, బేదులు. పెదాలు, చేతులు తిమ్మిరెక్కుతాయి. చన్నీళ్లు తాకితే నిప్పు తాకినట్టుంటుంది. కొందరికి ఈ బాధ వారాల తరబడి పోదు. 1774లో పసిఫిక్‌లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు పడిన అవస్థ ఇదేనంటారు. అంత దూరమెందుకు, మన మంగళూరులోనే ఇదని అనుమానించిన కేసును 2016లో 'కరెంట్ సైన్స్' పత్రిక ప్రచురించింది.

ఇదంతా చెబితే చిన్నమ్మ, "అట్లయితే చేపే తినొద్దంటావా నాయనా?" అనింది. అట్లనలేదు. చెరువు చేపకు ఈ బెడద లేదు. పగడపు దిబ్బల పెద్ద చేపల తలలు, కార్జాలు మాత్రం మానుకోవాల.

మంగళూరికి చదువుకో పనికో పోయే మన పిల్లోళ్లకు ఒక మాట చెప్పి పంపండి: చేప తిన్నాక చన్నీళ్లు కాలినట్టుంటే, ఏం చేప తిన్నారో డాక్టరుకు ముందు చెప్పాల.