దస్తర్‌ఖాన్ మీది పచ్చగాజు

ఇంటి సామాను రెండు విధాలు: వాడుకునేది, చూపుకునేది. వాడుక కోసం పుట్టిన వస్తువు కాలక్రమంలో అద్దాల బీరువా చేరడం కద్దు. అమెరికాలో 'జేడైట్' అని పిలిచే పాత పచ్చగాజు సామాను అటువంటిదే. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో కాపురముంటున్న మేము పన్నెండేళ్ళుగా దానిని సేకరిస్తున్నాము. అందులోనే వడ్డించుకుంటున్నాము.

ఈ గాజు గుండా వెలుతురు కనిపిస్తుందే గాని ఆవలి వస్తువు కనిపించదు. పాలలో పెసరపచ్చ కలిపినట్లు లేతగా ఉంటుంది. జేడ్ అనే పచ్చరాయిని పోలి ఉన్నందున ఆ పేరు వచ్చింది. 1930వ దశకంలో పెన్సిల్వేనియాలోని జెన్నెట్ పట్టణంలో మెక్కీ, జెన్నెట్ అనే రెండు కంపెనీలు పిండి డబ్బాలు, కొలత గిన్నెలు, నారింజ రసం పిండే గిన్నెలు ఈ రంగులో తయారు చేశాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత మాకు ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న లాంకాస్టర్ పట్టణపు యాంకర్ హాకింగ్ కంపెనీ 'ఫైర్ కింగ్' పేరుతో పళ్ళాలు, కప్పులు విస్తారంగా చేసి, 1970వ దశకం వరకు అమ్మింది.

ఇది సంపన్నుల సామాను కాదు. 1929లో షేర్ల మార్కెట్ కూలిన తరువాత లక్షలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయిన కాలంలో ఈ రంగు వంటిళ్ళలోకి వచ్చింది. కరిగిన గాజును అచ్చులలో యంత్రాలతో నొక్కి చేసేవారు కనుక చౌకగా దొరికేది. జేబులో డబ్బు లేని ఇల్లాలికి సైతం వంటగదిలో ఒక చక్కని రంగు దక్కింది. తరువాతి కాలంలో హోటళ్ళ కోసం మందపాటి కప్పులు కూడా చేశారు. 1990వ దశకంలో మార్తా స్టీవర్ట్ తన పత్రికలోనూ, టెలివిజన్‌లోనూ వీటిని చూపడంతో ధరలు పెరిగాయి.

మేము మాత్రం పాత సామాను దుకాణాలలోనే వెదుకుతాము. అడుగున 'ఫైర్ కింగ్' ముద్ర ఉన్నదా అని చూస్తాము. తరువాత కళ్ళు మూసుకుని అంచు చుట్టూ వేలు మెల్లగా తిప్పుతాము. కంటికి అందని పెచ్చు వేలికి తెలుస్తుంది. ఇంటికి తెచ్చిన గాజును గోరువెచ్చని నీటిలో చేతితోనే కడగాలి. గిన్నెలు కడిగే యంత్రంలో పెడితే క్రమంగా మెరుపు పోతుంది. చల్లని గిన్నెలో పొగలు కక్కే హలీమ్ పోస్తే పగిలే ప్రమాదముంది. అందుచేత ముందుగా వేడి నీటితో గిన్నెను కాస్త వెచ్చబరుస్తాము.

నిరుడు ఈ సేకరణ విలువ తేల్చుకోవలసిన సమయం వచ్చింది. ఇంటి సంపాదన అంతా ఆధారపడిన ఉద్యోగం పోయింది. వీసా నిబంధన ప్రకారం అరవై రోజులలో మరొక ఉద్యోగం దొరకాలి, లేదా దేశం విడవాలి. ఏది అమ్మాలి, ఏది వెంట తీసుకుపోవాలి అని ఒక రాత్రి గాజంతా దస్తర్‌ఖాన్ మీద పరచుకుని కూర్చున్నాము. ధరనుబట్టి విభజించబోతే మా అమ్మాయి, "అమ్మీ, మనం రోజూ తినేవి ఒక పక్క పెడదాం" అన్నది. అలాగే చేశాము.

ఎక్కువ వెల పలికే పిండి డబ్బాలు అమ్మకం వైపు చేరాయి. అడుగున పెచ్చు లేచిన ఒక చిన్న గిన్నె మాత్రం మా వైపు మిగిలింది. సంతలో దానికి రెండు డాలర్లు కూడా రావు. కడప నుండి వచ్చినప్పుడు అత్తమ్మ ఇఫ్తార్ ఖర్జూరాలు అందులోనే పెట్టేవారు. ఆమె ఇప్పుడు లేరు. సాయంత్రం ఆ గిన్నె మధ్యలో ఉంటే ఆమె కూర్చున్న చోటు ఖాళీగా అనిపించదు.

డబ్బాలు అమ్మగా వచ్చిన సొమ్ము ఒక నెల అద్దెకు సరిపోయింది. అల్హమ్దులిల్లాహ్, గడువుకు తొమ్మిది రోజుల ముందు ఉద్యోగం దొరికింది. అమ్మిన వాటిని తిరిగి కొనాలన్న కోరిక మాకెవరికీ కలగలేదు.

వెండి బంగారు పాత్రలలో తినరాదని, త్రాగరాదని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. చవకగా పుట్టిన గాజు సైతం ధర పెరిగాక ఆడంబరానికి సాధనం కాగలదు. దానిని మళ్ళీ అన్నం పళ్ళెంగా నిలిపేది మన వాడుకే. పాఠక సోదరీమణులారా! ఎప్పుడో వచ్చే అతిథుల కోసం బీరువాలో దాచిన పింగాణి సామాను మీ ఇంట ఉంటే, ఈ శుక్రవారం బయటికి తీసి ఇంటివారికి అందులో వడ్డించండి. ఒకటి పగిలినా పగలవచ్చు. అందులో తిన్న పూటలు మాత్రం మీ పిల్లలకు మిగులుతాయి.