అడవిలో దొంగ, అడవిలో దయ్యం

బందిపోటునీ, దయ్యాన్నీ తెలుగువాడికి ఇష్టమైన చుట్టాల్ని చేసిన ఘనత విఠలాచార్యగారిది. 1963లో ‘బందిపోటు’, 1978లో ‘జగన్మోహిని’. మా తిరుచానూరు పిల్లకాయలకు మాత్రం ఆ రెండూ టికెట్టు లేకుండానే దొరికేవి. ఎదురుగా శేషాచలం అడవి, ఇంట్లో కథలు చెప్పే అవ్వ! “పొద్దుగూకినాక అడివిలో ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే పలకబాక నాయనా” అనేది. ఇప్పుడాలోచిస్తే, అడవికీ మాకూ మధ్య కంచె ఆ భయమే.

2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చింది. ఎర్రచందనం కూలీ ఒకడు దొరగా ఎదిగిన కథ. తెరమీది అడవి చాలావరకు మారేడుమిల్లిదే అయినా, అల్లు అర్జున్ నోట మా చిత్తూరు యాస వినగానే నేనూ ఈలేశాను. ఈలేశాక ఒక లెక్క గుర్తొచ్చింది.

2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడునుంచి చెట్లు నరకడానికి వచ్చినవాళ్లు. పోలీసులు ఆత్మరక్షణ అన్నారు. హక్కుల సంఘాలు బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి.

పుష్పరాజ్ పేరు మా వీధిలో పసిపిల్లాడికీ తెలుసు. ఆ ఇరవైమందిలో ఒక్కరి పేరైనా చెప్పగలిగినవాళ్లు నాకింకా తగల్లేదు. మన అడవికి ఇంతకు మించిన దయ్యం కథ వేరే కావాలా, చెప్పండి!