నిద్ర నటించే కంప్యూటర్!

'నిద్రపోయేవాణ్ని లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని లేపలేం' అంటారు పెద్దలు. శ్రీసత్యసాయి జిల్లా బుక్కపట్నంలో ఓ విశ్రాంత ఉపాధ్యాయుడికి ఈమధ్య ఆ సామెతను గుర్తుచేసింది... ఓ ల్యాప్‌టాప్!

ఊళ్లో అంతా ఆయన్ని అయ్యవారు అంటారు. వయసు ఎనభై దాటింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు తన పాత ల్యాప్‌టాప్‌ని తెచ్చిచ్చాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఆ మిషన్‌లో పట్టదు. బాగున్న దాన్ని మూలన పడేయడమెందుకని అందులో లినక్స్ వేశాడు.

అయ్యవారికి దాంతో ఒకటే పని. తొంభై ఏళ్ల అక్కయ్య దగ్గర కూర్చుని, చెరువు కింద మడుల్లో నాట్లేస్తూ ఆడవాళ్లు పాడుకున్న పాటల్ని టైప్ చేయడం. విజయనగర రాజుల నాటి ఆ చెరువు ఇంకా ఉంది. పాటలు మాత్రం ఆవిడ నోట్లోనే మిగిలాయి. ఇవాళ పాడిన చరణం రేపడిగితే 'నేనెప్పుడు పాడితిరా?' అంటారు.

ఓ రాత్రి అయ్యవారు నాలుగు చరణాలు రాసుకుని, మూత వేసి పడుకున్నారు. తెల్లారి తెరిస్తే తెరంతా నలుపు. బ్యాటరీ ఖాళీ. చార్జింగ్ పెట్టి చూస్తే మూడు చరణాలే ఉన్నాయి. నాలుగోది ఏమిటని అడిగితే అక్కయ్యకూ గుర్తులేదు.

వెంటనే మనవడికి ఫోన్. ''మూతేస్తే నిద్రపోతాదంటివే?''

''నిద్రపోలే తాతా. కండ్లు మూసుకుని పడుకుండాది, అంతే!''

సంగతేమిటంటే, ల్యాప్‌టాప్ నిద్రలో రకాలున్నాయి. గాఢనిద్రలో ఒక్క మెమరీకే కరెంటు అందుతుంది, మిగతా భాగాలు దాదాపు ఆగిపోతాయి. లినక్స్‌లో దీని పేరు 'డీప్'. రెండోది 'ఎస్2ఐడిల్'. ఇందులో మిషన్ ఆగదు, పని తగ్గించుకుని ఊరకుంటుంది. ఏదో ఒక భాగం సద్దుమణగకపోతే రాత్రంతా బ్యాటరీ కారిపోతూనే ఉంటుంది.

''తూము సరిగా మూయనట్లన్నమాట'' అన్నారు అయ్యవారు.

మనవడు టెర్మినల్ తెరిపించి ఒక్కో అక్షరం చెప్పాడు. ''క్యాట్, ఒక ఖాళీ, స్లాష్ సిస్, స్లాష్ పవర్, స్లాష్ మెమ్ అండర్‌స్కోర్ స్లీప్.'' తెరమీద రెండు మాటలు వచ్చాయి. ''బ్రాకెట్లో ఉండేది ఏంది తాతా?'' ''ఎస్2ఐడిల్.'' ''పక్కన?'' ''డీప్.'' ''అయితే బతికిపోయినాం!''

బ్రాకెట్లో ఉన్నదే ఆ మిషన్ పోయే నిద్ర. పక్కన 'డీప్' కనిపిస్తే దానికి మార్చుకోవచ్చు. అసలు కనిపించకపోతే ఈ మందు పనిచేయదు. రాత్రికి పూర్తిగా ఆపేయడమే మేలు. కొన్ని మిషన్లు గాఢనిద్రలోకి పోయి మళ్లీ లేవవు కూడా. అందుకే మనవడు ముందు ఒక్క రాత్రికే డీప్‌కి మార్పించాడు. అదీ రాసినవన్నీ సేవ్ చేయించాకే!

పాఠాలు చెప్పిన చేయి కదా, అయ్యవారు లెక్క రాసిపెట్టారు. రాత్రి తొమ్మిదికి 84 శాతం. ఉదయం ఆరుకు 80. మూత తీయగానే తెర వెలిగింది. అప్పుడు మిషన్ మొదలయ్యేటప్పుడు చదివే గ్రబ్ సెట్టింగుల్లో 'మెమ్_స్లీప్_డీఫాల్ట్=డీప్' అని చేర్పించాడు మనవడు. ఆ తర్వాత 'అప్‌డేట్-గ్రబ్' కొట్టించి, ఓసారి రీస్టార్ట్ చేయించాడు. ఇక మార్పు శాశ్వతం.

వారం తర్వాత ఓ మధ్యాహ్నం అక్కయ్య కునుకు తీసి లేస్తూనే ఏదో పాట ఎత్తుకున్నారు. పోయిన నాలుగో చరణమే! అయ్యవారు గబగబా మూత తీశారు. నిన్న ఆపిన చోటే కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. ఆవిడ సగం దాకా పాడి ఆగిపోయారు. మిగతా సగం ఎంత అడిగినా రాలేదు.

వచ్చిన సగాన్నే రాసుకున్నారాయన. మూత వేయబోతూ ఆగి కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కారు. తర్వాతే మూత వేశారు.