లింబాయత్‌లో సాంచెల సప్పుడు

మన ఇళ్లలో పెళ్లికో గృహప్రవేశానికో కట్టలు కట్టలుగా తెచ్చే పెట్టుబడి చీరల్లో చాలావరకు సూరత్ సరుకే. ఆ బట్ట నేసిన చేతుల్లో నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల పద్మశాలీల చేతులు ఎన్నో ఉన్నాయని కొనేవాళ్లలో ఎందరికి తెలుసు? వాళ్లను కలవాలనే సూరత్‌లోని లింబాయత్ బస్తీకి వెళ్లాను.

గుజరాతీ, మరాఠీ, హిందీ బోర్డుల మధ్య అక్కడక్కడా తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మీడియం బడులూ నడుపుతోంది. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలు గుజరాత్ గడ్డ మీద అ ఆలు దిద్దుకున్నారంటే గొప్ప సంగతే. ఊళ్లో మిల్లు బట్ట ముందు చేనేత నిలవలేక మగ్గం గుంటలు పూడిపోతుంటే కొందరు షోలాపూర్, కొందరు భీవండి, మరికొందరు సూరత్ దారి పట్టారు. ముందు ఒకడు వచ్చి, కాస్త కుదురుకున్నాక బావమరిదిని పిలిపించుకున్నాడు. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్‌లోనే దిగవచ్చు. ఆ రైలు పేరు ఈ బస్తీలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి నడిపి వినికిడి తగ్గిన ఒక పెద్దాయన నన్ను పాత ఖాతాకు తీసుకెళ్లారు. మరమగ్గాల కార్ఖానాను ఇక్కడ ఖాతా అంటారు. రేకుల కప్పు కింద నాడె (షటిల్) మగ్గాలు ఇంకా కొన్ని ఆడుతున్నాయి. లోపల అడుగు పెట్టగానే మాట వినిపించదు. అందుకే అక్కడ కబుర్లన్నీ చేతి సైగలే. నాడెలో పోగు చుట్టిన కండె అయిపోగానే పనివాడు సాంచె ఆపి, నాడె బయటికి తీసి, కొత్త కండె ఎక్కించి, నాడె చివరి రంధ్రానికి నోరు ఆనించి ఒక్క పీల్పు పీల్చాడు. పోగు కొస బయటికి వచ్చింది. నాడెను పెట్టెలో పెట్టి పిడి లాగాడు. సాంచె మళ్లీ అందుకుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోయింది. పోగుతో పాటు నూలు ధూళి కూడా గొంతులోకి పోతుందని మాత్రం మరిచిపోకూడదు. కూలి మీటరు లెక్కన. సాంచె ఆగిందంటే ఆ కాసేపు కూలి కూడా ఆగినట్టే.

"పన్నెండు గంటల పాళి బిడ్డా. ఒగ వారం పగలు, ఒగ వారం రాత్రి. ఊరికి పోతే సప్పుడు లేక నిద్ర పట్టకపోయేది" అన్నారు బయటికి వచ్చాక. ఒకే గదిలో పది మంది వంతులవారీగా పడుకునేవారట. పగటి పాళివాళ్లు లేచిన చాపల మీదే రాత్రి పాళివాళ్లు ఒరిగేవారు.

ఆయన ఇల్లాలి జ్ఞాపకాలు వేరు. కుళాయి దగ్గర బిందెల వరసలో ఒడియా, మరాఠీ ఆడవాళ్ల పక్కన నిలబడి గుజరాతీ నేర్చుకున్నారట. ఉత్తరాయణ్‌కు ఊరంతా డాబాల మీద పతంగులు ఎగరేస్తుంటే వీళ్లు కింద సకినాలు చుట్టేవారు. నవరాత్రుల్లో ఒక వీధిలో గర్బా, పక్క వీధిలో బతుకమ్మ. "తంగేడు దొరకకపోతే బంతిపూలతోనే పేర్చినం అయ్యా, బతుకమ్మను మాత్రం ఇడవలే" అన్నారామె. సూరత్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే.

1994 సెప్టెంబరు సంగతి ఎత్తగానే ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ప్లేగు వార్త పొక్కగానే లక్షల మంది నగరం విడిచారు. వీళ్లూ కిక్కిరిసిన రైల్లో ఊరు చేరారు. సూరత్ నుంచి వచ్చారంటే ఇరుగుపొరుగు గడపలోకి రానివ్వలేదు. కూలి డబ్బులు అయిపోయాక మళ్లీ ఇక్కడికే వచ్చారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించడం, మురుగు బాగుచేయించడంతో నగరం రూపు మారిపోయింది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటికి తాపీ నది పొంగి నగరంలో ఎక్కువ భాగం మునిగినా జనం మళ్లీ నిలదొక్కుకున్నారు.

ఇప్పుడు నాడె మగ్గాల చోట వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలు వస్తున్నాయి. వీళ్ల పిల్లల్లో కొందరు రింగ్ రోడ్ మార్కెట్లలో చీరల వ్యాపారం చేస్తున్నారు, కొందరు చదువులు చదివి ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లు సాంచె పట్టలేదన్న దిగులు ఆ దంపతులకు లేదు, ఉండాల్సిన పనీ లేదు. నా బాధల్లా ఒక్కటే. సూరత్ నవాబుల గురించి, ఇంగ్లిష్ కోఠీ గురించి, ఓడరేవు గురించి పుస్తకాలున్నాయి. చాపలు వంతులేసుకుని పడుకున్న ఆ గదుల గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ. నాడె మగ్గం నడిపిన తరం ఇప్పుడు డెబ్భైలు దాటుతోంది. మీ చుట్టాల్లో సూరత్, భీవండి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.