అతుకుల బొంత

మంగళగిరికి దగ్గర్లో ఒక హైస్కూలు. శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఏడో తరగతి బెంచీలన్నీ వరండాలో ఉన్నాయి. గదిలో చాపలు, చాపల మీద గుడ్డముక్కలు, వాటి మధ్య పిల్లలు. "సూదులున్నాయి, చూసుకుని కూర్చోండి" అంది టీచరు.

48 మంది, బొంతకు తలా ఒక ముక్క. ఇంట్లో ఇక ఎవరూ కట్టని బట్టలోంచే తేవాలని షరతు. నాయనమ్మ నిజాం అంచు నేతచీర, నాన్న లుంగీ, చెల్లెలి గౌను, నిరుటి యూనిఫాం. ఒక ఆటో డ్రైవరు కొడుకు ఖాకీ చొక్కాను జేబుతో సహా కోసుకొచ్చాడు. జేబు విప్పేద్దామంటే ససేమిరా అన్నాడట.

మొదట్లో లెక్క తప్పింది. ముక్క 12 అంగుళాలు, అడ్డం ఆరు, నిలువు ఎనిమిది. 72కి 96 అని బోర్డు మీద వేసేసి, అడుగున వేసే చీర అంతకు కోసేశారు. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా అరంగుళం కుట్టులో పోతుందని ఎవరికీ తట్టలేదు. తీరా తేలింది 66కి 88. మిగిలిన చీరను పైకి మడిచి చుట్టూ పట్టీగా కుట్టారు. ఇప్పుడు చూస్తే అదే బొంతకు అందం.

నేత ఇంటి పిల్లాడు ఒకడు కత్తెర పట్టిన వాళ్లందరి మీదా పెత్తనం చేస్తున్నాడు. "పడుగు ఎంట కొయ్యాలిరా, ఏటవాలుగా కోస్తే సాగుద్ది!"

టీచరుకు ఈ ఆలోచన ఉత్తర కన్నడ సిద్దీ తెగ ఆడవాళ్ల బొంతలు చూశాక వచ్చిందట. వాళ్లు కొలతలు పెట్టుకోరు. అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క పక్కన ముక్క వేసుకుంటూ నడిమికి వస్తారు. ఆ మాట వింటున్న ఒకమ్మాయి అమ్మమ్మ మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆమె గొడవంతా షరతు తప్పి వచ్చిన ఒక కొత్త పూల గుడ్డ గురించే. "దీన్ని ముందు తడిపి ఆరేశారా? లేపోతే ఒక్క ఉతుక్కే ముడుచుకుని పక్కదాన్ని లాగేసుద్ది."

పత్రికలో పనిచేసిన రోజుల్లో సంకీర్ణ ప్రభుత్వాలను 'అతుకుల బొంత' అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆ సంగతి చెబితే పెద్దావిడ సూదిలోకి దారం ఎక్కిస్తూనే అంది: "అతుకు కాడ చిరగదయ్యా, ఆడ రెండు మడతలుంటయ్. పోయేది నడిమధ్యే."

వెనక వరుస వాళ్ల కుట్లు ఎక్స్‌ప్రెస్ బస్సు స్టాపుల్లా దూరదూరంగా ఉన్నాయి. ముందు వరుసవి పల్లెవెలుగే. కొన్ని మాత్రం మరీ తిన్నగా, మరీ దగ్గరగా ఉన్నాయి. ఇవెవరు కుట్టారంటే టీచరు కిటికీ వైపు చూసింది. పిల్లలు వేసిన వంకర కుట్లను ఆమె విప్పకుండా ఉండాల్సిందని నాకనిపించింది గానీ, పైకి అనలేదు.

బొంత ఎవరికి? బడి బీరువాలో పెట్టడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. రోల్ నంబరు వరసన తలా ఒక రాత్రి. 48వ నంబరు పిల్ల అప్పుడే వేళ్ల మీద రోజులు లెక్కపెడుతోంది.

బయల్దేరే ముందు ఖాకీ జేబులో వేలు పెట్టి చూశాను. రెండు చింతపిక్కలు, ఎవరిదో సగం అరిగిన రబ్బరు.